మార్జిన్‌లో పెన్సిల్ రాతలు

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ ప్రతి ఒకటి నా దగ్గరుంది. అట్ట ఊడిపోతే టేపు వేసి అతికించాను. నాకంటే ముందు దాన్ని చదివినవారెవరో గానీ, మార్జిన్ పొడుగునా పెన్సిల్‌తో తమ మాట రాసుకుంటూ పోయారు. మూడో అధ్యాయమంతా ఒక తాబేలు రోడ్డు దాటడమే. అక్కడ వంకర అక్షరాలతో “ఇంత అవసరమా?” అని ఉంది. పుస్తకం అయిపోయాక చివరి పేజీ అడుగున అదే చేత్తో ఇంకో మాట: “తాబేలు దగ్గర తొందరపడ్డాను.”

ఆ నవల రాసిన స్టయిన్‌బెక్ మీద నేను చదివిన వ్యాసాలు తక్కువేం కాదు. ఈ రెండు ముక్కలంత నిజాయితీ వాటిలో ఎక్కడా కనబడలేదు. ఆ తాబేలును ఒక లారీ డ్రైవరు కావాలనే గుద్దబోతాడు. అది వెల్లకిలా పడుతుంది, నానా తిప్పలూ పడి మళ్లీ బోర్లా తిరుగుతుంది. దాని కాళ్ల మధ్య ఇరుక్కున్న గింజలు రోడ్డు అవతల మట్టిలో పడతాయి. భూమి పోగొట్టుకుని ఓక్లహోమా నుంచి కాలిఫోర్నియాకు వలసపోయిన జోడ్ కుటుంబం కథంతా ఆ నడకలోనే ఉందని, అయిదొందల పేజీలు వాళ్లతో నడిస్తే తప్ప తెలియదు. ఆ పాఠకుడు నడిచాడు, తన మాట తానే దిద్దుకున్నాడు.

నడవనివాళ్లూ ఉన్నారు. ఆ నవల 1939 ఏప్రిల్‌లో వచ్చింది. కథలో జోడ్ కుటుంబం చేరుకునే ప్రాంతమే కాలిఫోర్నియాలోని కెర్న్ కౌంటీ. ఆ ఆగస్టులోనే అక్కడి పాలకమండలి 4-1 ఓట్లతో దాన్ని తమ లైబ్రరీల్లోంచి, బడుల్లోంచి తీసేయించింది. లైబ్రేరియన్ గ్రెచెన్ నీఫ్ వద్దని ఉత్తరం రాసింది, వాళ్లు వినలేదు. ఆ కౌంటీలోనే బేకర్స్‌ఫీల్డ్‌లో పెద్ద రైతులు పుస్తకాన్ని తగలబెట్టిస్తూ ఫొటో కూడా తీయించుకున్నారు. ఆ రైతులకు కోపం రావడం నాకు అర్థమవుతుంది, అందులో రాసింది వాళ్ల గురించే. నా మనసు కలుక్కుమనేది ఆ ఫొటోలో పుస్తకానికి నిప్పు పెడుతున్న మనిషిని తలచుకుంటే. అతను పొలంలో పనిచేసే కూలీ. తన తోటివాళ్ల ఆకలి గురించి రాసిన పుస్తకాన్ని చదవకుండానే తగలబెట్టాడు. నిషేధం 1941లో పోయింది. ఈలోగా నవలకు పులిట్జర్ బహుమతీ వచ్చేసింది.

‘ది గ్రేట్ గాట్స్‌బీ’ని ఎవరూ తగలబెట్టలేదు. అసలు పట్టించుకుంటే గదా! 1925లో వచ్చింది. రెండో ముద్రణ ప్రతులు ఇంకా గోదాములో ఉండగానే, 1940 డిసెంబరులో, 44 ఏళ్లకే రచయిత ఫిట్జెరాల్డ్ పోయాడు. ఆయనకు అందిన చివరి రాయల్టీ 13 డాలర్ల 13 సెంట్లు. నా నవల ఇక మిగలదు అనుకుంటూ పోయి ఉంటాడన్న తలపే నాకు బాధ.

దాన్ని చేతుల్లోకి తీసుకున్నవాళ్లు సైనికులు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తన సైనికులకు ఉచితంగా పుస్తకాలు పంచింది. చొక్కా జేబులో పట్టేంత సైజు, ఎత్తు కంటే వెడల్పు ఎక్కువ, పేజీకి రెండు కాలమ్‌లు, పిన్నులు కొట్టిన బైండింగు. ఆ వరసలో 1945లో గాట్స్‌బీ లక్షా యాభై అయిదు వేల ప్రతులు అచ్చయింది. రచయిత బతికుండగా అమ్ముడైనదానికి ఇది ఎన్నో రెట్లు. ఓడల్లో, ఆసుపత్రి మంచాల మీద, రేపటి సంగతి తెలియని కుర్రాళ్లు దాన్ని చదివారు. నవలకు రెండో పుట్టుక ఇచ్చినవాళ్లలో విమర్శకులతో పాటు వీళ్లనూ లెక్కవేయాలి.

ఇరవయ్యేళ్లప్పుడు నాకూ ఆ నవల ఎక్కలేదు. డబ్బున్నవాళ్ల విందులు, కార్లు, పొద్దుపోని కబుర్లు అనుకుని మూసేశాను. పిల్లలు పెద్దవాళ్లయ్యాక మళ్లీ తీశాను. ఈసారి నన్ను పట్టుకున్నది అంత్యక్రియలకు వచ్చిన గాట్స్‌బీ తండ్రి. కొడుకు చిన్నప్పుడు చదివిన చిరుగుల పుస్తకాన్ని ఆ ముసలాయన వెంట తెచ్చుకుంటాడు. దాని వెనక ఖాళీ కాగితం మీద పిల్లవాడు తేదీ వేసి మరీ రాసుకున్న టైమ్‌టేబుల్: ఎన్నింటికి లేవాలి, ఎప్పుడు కసరత్తు, ఎప్పుడు చదువు. కింద నిర్ణయాలు, అమ్మానాన్నలతో బాగుండాలన్నదీ వాటిలో ఒకటి. తండ్రి దాన్ని చదివి వినిపిస్తూ మురిసిపోతాడు. పక్కగదిలో శవపేటిక. వందలమంది తిని తాగిన ఆ ఇంటి యజమానిని సాగనంపడానికి వచ్చినవాళ్లు గుప్పెడుమంది.

గోడకు టైమ్‌టేబుల్ అంటించి పిల్లల్ని ఎంట్రన్సులకు చదివించుకున్న నాలాంటివాడు ఆ పేజీ దాటడం కష్టం. ఇరవయ్యేళ్లప్పుడూ ఆ పేజీ అక్కడే ఉంది, అప్పుడు నేను తండ్రిని కాను.

అందుకే ఒక నవల మీద ఒక్కసారి తీర్పు చెప్పి ఊరుకుంటే చాలదంటాను. జోరా నీల్ హర్‌స్టన్ ‘దెయిర్ అయిస్ వర్ వాచింగ్ గాడ్’ 1937లో వస్తే, సాటి నల్లజాతి రచయిత రిచర్డ్ రైటే తీసిపారేశాడు. ఆమె 1960లో చనిపోతే సమాధికి రాయి కూడా పెట్టలేదు. 1973లో రచయిత్రి ఆలిస్ వాకర్ ఫ్లారిడాలో పిచ్చిమొక్కల మధ్య ఆ చోటు వెతికి పట్టుకుని రాయి వేయించింది. ఒక పాఠకురాలి పట్టుదల అది. అయిదేళ్లకు నవల మళ్లీ అచ్చయింది, ఇప్పుడది కాలేజీల్లో పాఠం.

మన దగ్గర నవలలను పాఠకుల దాకా చేర్చే పని చేసినవాళ్లలో మాలతీ చందూర్‌ను మరవలేను. ‘పాత కెరటాలు’ శీర్షికతో ఆమె స్వాతి పత్రికలో పరిచయం చేసిన నవలలను ఇంగ్లీషు రాని ఇళ్లలో కూడా చర్చించుకునేవారు. అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా ఇచ్చారు. అందులోని కుంటా కింటే పేరు చెబితే మా మేనత్త ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటుంది. అది అమెరికన్ నవల అని ఆమెకు విడిగా చెప్పాల్సిన పని ఎప్పుడూ పడలేదు.

నా గ్రేప్స్ ఆఫ్ రాత్‌లో ఆ పెన్సిల్ రాతల కింద నా మాటలూ చేరాయి. ఆ మొదటి పాఠకుడు ఏ ఏడు చదివాడో, ఎంత వయసులో చదివాడో తెలిస్తే ఎంత బాగుండేదో! మీరూ ఒక పని చేయండి. చదివిన పుస్తకంలో నచ్చిందో, నచ్చలేదో పెన్సిల్‌తో రాయండి. పక్కన తేదీ వేయండి. పదేళ్లకు మళ్లీ తీసినప్పుడు పాత మాటను చెరపకండి, దాని కిందే కొత్తది రాయండి.