గంప మోసినవాళ్ల చర్చి

19 డిసెంబర్ 2024, గురువారం, నిజాంపేట

ఈ 25కు మెదక్ చర్చికి నూరేళ్లు నిండుతాయి. 1914లో పని మొదలై, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. ఊళ్లో ఇప్పుడు ఎక్కడ చూసినా ఇదే ముచ్చట. పొద్దుమీకి మా గల్లీ చివరింటి అవ్వ దగ్గర కూర్చున్నాను. వాళ్ల అత్త ఆ పనికి పోయి గంప మోసిందట. "పైసల సంగతి తర్వాత బిడ్డా, కడుపుకింత బువ్వ దొరికింది" అంది అవ్వ. కరువులో జనానికి పని చూపి తిండి పెట్టాలనే చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర ఈ కట్టడం ఎత్తుకున్నాడన్నది ఈ చుట్టుపక్కల అందరూ చెప్పే మాటే. వెస్లియన్ మిషన్ తరఫున వచ్చిన మనిషి ఆయన. అన్నం కోసం కట్టిన గుడి అయినందుకే నాకు దాని మీద ఇంత ప్రేమ.

22 డిసెంబర్, ఆదివారం

రామాయంపేట మీదుగా బస్సులో మెదక్ పోయాను. గంట గోపురం 175 అడుగులు. గుడి పొడవు 200, వెడల్పు 100 అడుగులు. అంకెల కంటే నన్ను కట్టిపడేసినవి రంగుటద్దాలు. వేదిక వెనుక ఆరోహణం, ఒక పక్క జననం, ఇంకో పక్క సిలువ. మూడూ ఇంగ్లండ్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీవే. మొదటిది 1927లో వచ్చింది, చివరిది 1958లో. అంటే ప్రతిష్ఠ అయ్యాక కూడా ముప్పై ఏళ్లకు పైగా గుడి నిండుతూనే ఉంది. దగ్గరికి పోయి చూస్తే గాజు ముక్కల మధ్య సన్నని సీసపు బద్దీలు కనిపిస్తాయి. నాలుగడుగులు వెనక్కి వస్తే అవే బట్ట మడతలై, ముఖపు గీతలైపోతాయి. బయట ఎండ ఉంటేనే ఈ బొమ్మలు. పొద్దుగూకితే లోపలివాళ్లకు అంతా నలుపే.

ఈ అద్దాలు చూస్తుంటే, హాలండ్‌లో గౌడా అనే చిన్న పట్టణం గురించి ఈ మధ్యే చదివింది గుర్తొచ్చింది. అక్కడి సెయింట్ జాన్ చర్చిలో 16వ శతాబ్దపు రంగుటద్దాలున్నాయి. 1566లో దేశమంతటా చర్చిల్లోని బొమ్మలు పగలగొడుతుంటే అవి మాత్రం దక్కాయి. గీసిన క్రాబెత్ అన్నదమ్ముల పేర్లు తెలుసు, ఒక అద్దం చేయించిన రాజు రెండో ఫిలిప్ పేరూ తెలుసు. గోడలకు రాళ్లెత్తినవాళ్లెవరో? మన దగ్గరా అంతే. పాస్నెట్ తెలుసు, సాలిస్‌బరీ తెలుసు. గంప మోసిన ఒక్క ఆడమనిషి పేరు కూడా అవ్వ చెప్పేదాకా నాకు తెలియదు.

25 డిసెంబర్, బుధవారం

మెదక్ నిండా జనం. లోపలికి పోవడం నా వల్ల కాలేదు.

27 డిసెంబర్, శుక్రవారం

చర్చి పెద్దలకు ఉత్తరం రాశాను. నిజాంపేట, రామాయంపేట, చేగుంట వైపు ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి, ఆ పదేళ్లు పనికి పోయినవాళ్ల పేర్లు అడిగి, చర్చి ఆవరణలో రాయి మీద చెక్కించాలని కోరాను. అత్తామామల నోట ఆ కథలు విన్న ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. ఇప్పుడే మొదలుపెట్టాలి.