ఎర్ర దూడ లెక్క, మా ఇంటి లెక్క

కొంచెం పెద్ద పోస్టు. పాలు పోసొచ్చి తీరిగ్గా చదవండి.

పోయిన నెల మా పాల సెంటర్ దగ్గర పెద్ద గొడవ జరిగింది. ఒకాయన నల్ల మచ్చల హెచ్.ఎఫ్. ఆవుకు ఎర్ర మచ్చల పెయ్య పుట్టింది. సూది వేయించింది కూడా నల్ల మచ్చల ఆబోతుదే. "వేరే స్ట్రా ఏదో వేసి నన్ను మోసం చేసినావు" అని సూదేసే అబ్బాయిని పదిమందిలో నిలబెట్టి అడిగినాడు. ఆ పిల్లోడు పాపం తల దించుకుని నిలబడినాడు. అది మోసం కాదని నేను అక్కడే చెప్పినా, అరుపుల్లో ఎవరికీ వినపడలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

నేను చదివింది ఇంటర్ బైపీసీ. చాలావరకు మర్చిపోయినా గానీ మెండెల్ పాఠం మాత్రం మర్చిపోలేదు. ఆయన రైతుబిడ్డ, తర్వాత మఠంలో చేరి సన్యాసి అయినాడు. ఇప్పటి చెక్ దేశంలో బర్నో అనే ఊరు. మఠం తోటలో 1856 నుంచి ఏండ్ల తరబడి బఠాణీలు వేసి, గింజ గింజా లెక్క పెట్టినాడు. గుండ్రటి గింజల మొక్కను, ముడతల గింజల మొక్కను కలిపితే వచ్చిన గింజలన్నీ గుండ్రంగానే ఉన్నాయి. ముడత పూర్తిగా పోయిందనుకుంటాం కదా. ఆ గింజలే మళ్ళీ వేసి వాటంతట వాటినే కాయనిస్తే 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి వచ్చినాయి. అంటే దాదాపు మూడుకు ఒకటి. ముడత ఎక్కడికీ పోలేదు, లోపల దాక్కుని ఉండింది. హైబ్రిడ్ టమాటా కాయలోంచి విత్తనం తీసి వేస్తే చేను ఒక తీరుగా రాకపోవడానికి కారణం కూడా ఇదే.

చీటీల లెక్కలో చెప్తా. ప్రతి జీవికీ ఒక్కో లక్షణానికి రెండు చీటీలు ఉంటాయి, ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. తన బిడ్డకు ఆ రెండింట్లో ఒకటే ఇస్తుంది. ఏది ఇస్తుందో మన చేతుల్లో లేదు. హెచ్.ఎఫ్.లో నలుపు చీటీ ఒక్కటి ఉన్నా ఆవు నల్లగానే కనపడుతుంది. ఎరుపు బయటికి రావాలంటే రెండూ ఎరుపువే కావాలి. మన పుస్తకాల్లో బహిర్గతం, అంతర్గతం అని చదువుకున్నది ఇదే. ఆవు దగ్గర ఒక నలుపు ఒక ఎరుపు, ఆబోతు దగ్గర కూడా అట్లే ఉందనుకోండి. నాలుగు రకాలుగా కలవచ్చు: నలుపు-నలుపు, నలుపు-ఎరుపు, ఎరుపు-నలుపు, ఎరుపు-ఎరుపు. మూడు నల్ల దూడలు, ఒకటి ఎర్రది. (మన దగ్గర సంకర ఆవుల్లో జెర్సీ, దేశవాళీ రక్తం కూడా ఉంటుంది, అక్కడ రంగు లెక్క ఇంకాస్త చిక్కు.)

ఇంకో మాట. ఎర్ర దూడ పుట్టిందంటే ఆవు కూడా ఒక ఎరుపు చీటీ ఇచ్చినట్టే. ఆ అబ్బాయి ఎర్ర ఆబోతు స్ట్రానే వేసినాడనుకున్నా, ఆవులో ఎరుపు లేకుంటే ఆ దూడ ఎర్రగా పుట్టదు. తప్పంతా సూది మీద పెట్టేదానికి లేదు. ఎర్రగా పుట్టినంత మాత్రాన పాలేమీ తగ్గవు కూడా. పాలు ఒక్క జత చీటీలతో తేలేవి కావు, ఎన్నో జతలు కలిసి, పైన మనం వేసే మేత కలిసి తేలుతుంది.

నాలుగింట ఒకటి అంటే నాలుగు ఈతల్లో కచ్చితంగా ఒకటి అనుకోవద్దండీ. ప్రతి ఈతకూ చీటీ మళ్ళీ కొత్తగా తీసినట్టే. నాలుగు ఈతలూ నల్లవే పుట్టే అవకాశం దాదాపు మూడో వంతు ఉంది. నాలుగింట్లో రెండు ఎర్రవి పుట్టే అవకాశం కూడా ఐదింట ఒకటి ఉంది.

ఈ రెండో మాట నాకు బాగా తెలుసు, మా ఇంట్లోనే ఉంది కాబట్టి. మా పెద్దన్న మా అక్క పెద్ద కూతుర్నే చేసుకున్నాడు. మన సీమలో అదేం వింత కాదు కదా. నలుగురు పిల్లలు. ఇద్దరికి పుట్టుకతోనే చెవులు వినపడవు. బంగారం లాంటి పిల్లలు. ఒకమ్మాయి తిరుపతిలో బధిరుల స్కూల్లో చదువుకుంది, మా ఇంట్లో అందరికీ సైగలు నేర్పింది కూడా ఆమే. కానీ వాళ్ళు పుట్టినప్పుడు ఊరంతా మా వదినను అన్న మాటలు నేను విన్నా. గ్రహణం రోజు బయట తిరిగిందన్నారు, కడుపుతో ఉండి ఏదో తినిందన్నారు. అన్నను ఒక్కరూ ఒక్క మాట అనలేదు. చీటీ ఇద్దరూ ఇచ్చినారు, చెరొకటి. ఆ సంగతి మా అన్నే అందరికీ చెప్పమన్నాడు, అడిగే రాస్తున్నా.

ఇప్పుడు మా అక్క తన చిన్న కూతుర్ని మా వాడికి చేసుకోమంటోంది. పిల్ల బుద్ధిమంతురాలు, మా వాడికీ ఇష్టమే. పుస్తకం తీసి లెక్క వేసినా. అన్న దగ్గర ఆ చీటీ ఉంది, అందులో అనుమానం లేదు. వదినకు ఒకటి ఉంది, అది మా అక్క వైపు నుంచే వచ్చి ఉండాలి. అక్కకూ అన్నకూ ఉందంటే మా అమ్మకో నాయనకో ఉన్నట్టే, అప్పుడు నాకు ఉండే అవకాశం సగం. నా నుంచి మా వాడికి పావు. అక్క చిన్న కూతురికి సగం. ఇద్దరికీ ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒకటి. మొత్తం కలిపితే 32లో ఒకటి.

అక్కకు చెప్తే, "31 వంతులు బాగుంది కదరా, ఆవుల లెక్క మనుషులకు పెడతావా" అనింది. ఆమె అన్నదాంట్లో కూడా న్యాయం ఉంది. మేనరికాలు చేసుకుని చక్కగా ఉన్న ఇండ్లు మన ఊర్లోనే ఎన్నో. ఆ ఇంట్లో దాక్కున్న చెడ్డ చీటీ లేకుంటే ఏమీ కాదు. ఉన్నప్పుడే, ఒకే చీటీ రెండు వైపుల నుంచి వచ్చి కలుస్తుంది. మా ఇంట్లో ఉందని రెండు సార్లు కనపడింది కదా, ఇక నేను కండ్లు ఎట్లా మూసుకోను?

అయితే వద్దని కూడా అనలేదు. ముందు వినపడని పిల్లల రక్తం పరీక్ష చేసి తేడా ఎక్కడుందో కనుక్కుంటే, తర్వాత మా వాడికీ ఆ అమ్మాయికీ అదే తేడా ఉందేమో చూడొచ్చు. మనకు వేలూరు సీఎంసీ దగ్గర, హైదరాబాద్ వైపు వాళ్ళకు నిమ్స్ ఉంది, రెండుచోట్లా జన్యు డాక్టర్లు ఉన్నారు. ఇద్దరిలో ఒక్కరికి లేదని తేలినా ఈ భయం తీరిపోతుంది. ఇద్దరికీ ఉందంటే వాళ్ళే కూర్చుని తేల్చుకోవాలి, నేను గానీ అక్క గానీ చెప్పేది కాదు.

పశువుల సంగతి పూర్తి చేస్తా. సూది వేయించిన రోజు స్ట్రా మీద ఉన్న ఆబోతు నంబరు క్యాలెండర్లో రాసి పెట్టుకోండి. పెయ్య ఎదకొచ్చినప్పుడు దాని తండ్రి స్ట్రానే మళ్ళీ వేయించకండి. ఆ ఆబోతులో దాగిన చెడ్డ చీటీ ఏదన్నా ఉంటే కూతురికి సగం అవకాశం, వాళ్ళిద్దరి దూడకు ఆ జబ్బు రావడానికి ఎనిమిదింట ఒకటి. మంచి వీర్య కేంద్రాల్లో తెలిసిన జబ్బులు కొన్నింటికి పరీక్ష చేస్తారు, తెలియనివి ఎట్లా పట్టుకుంటారు? నంబరు రాసేదానికి పెన్ను చాలు. సూదేసే అబ్బాయిని అడిగితే ఖాళీ స్ట్రా చేతికి ఇస్తాడు, దాని మీదే అచ్చు వేసి ఉంటుంది.

అక్క ఇంకా ఒప్పుకోలేదు. అన్నా వదినా మాత్రం పిల్లలిద్దరినీ తీసుకుని వచ్చే సోమవారం వేలూరు పోతామన్నారు. బండి నేనే మాట్లాడినా.