దీవి నుంచి దీవికి

మా రాజుపాలెంలో నరసరావుపేట ఎంత దూరమని అడిగి చూడండి. కిలోమీటర్లు ఎవరూ చెప్పరు. “బస్సు దొరికితే ఎంతసేపండీ!” అంటారు. దూరాన్ని అలా కాలంతో కొలవడమే నాకూ ఇష్టం. రండి, ఇవాళ ఆ లెక్కన ఓ పెద్ద దూరం చూద్దాం. మారిషస్‌లోని పోర్ట్ లూయిస్ నుంచి ఫిజీలోని నాంది దాకా. రెండు చోట్లా మనవాళ్లున్నారు మరి.

ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే తెచ్చుకోండి, ఓ దారం ముక్క కూడా. రెండు దీవులూ భూమధ్యరేఖకు దక్షిణంగా ఇంచుమించు ఒకే వరుసలో ఉంటాయి. గోడ మీది పటంలో చూస్తే అడ్డంగా ఓ గీత గీస్తే సరిపోతుందనిపిస్తుంది. గ్లోబు మీద దారాన్ని బిగించి పట్టండి. అది కిందికి జారి ఆస్ట్రేలియా దక్షిణపు అంచును పట్టుకుంటుంది! దగ్గరి దారి అదే. సుమారు 12,200 కిలోమీటర్లు.

నేరుగా వెళ్లే విమానం లేదు. అలాగని నష్టమూ లేదండోయ్. మారిషస్ నుంచి పెర్త్, అక్కడి నుంచి సిడ్నీ, ఆపైన నాంది. మూడు విమానాలు మారినా దారి పెరిగేది ఓ 150 కిలోమీటర్లే. గాలిలో ఉండేది పదిహేను, పదహారు గంటలు. విమానాశ్రయాల్లో పడిగాపులు దానికి అదనం. తిరుగు ప్రయాణం ఇంకాస్త ఎక్కువ పడుతుంది. అక్కడ పైన పడమటి గాలి జోరు. పెర్త్ నుంచి సిడ్నీకి నాలుగు గంటలైతే, సిడ్నీ నుంచి పెర్త్‌కు ఐదు.

మనవాళ్లు ఆ దీవులకు చేరింది మాత్రం ఓడల్లో. మారిషస్‌కు 1834 నుంచి చెరకు తోటల కూలీలను తీసుకెళ్లారు. తెలుగువాళ్లు కాకినాడ దగ్గరి కోరంగి రేవులో కూడా ఎక్కారు. 1839 తుపాను ఆ రేవునే తుడిచిపెట్టింది. ఫిజీకి మొదటి కూలీల ఓడ లియోనిడాస్ 1879లో కలకత్తా నుంచి వెళ్లింది. రెండు నెలలు దాటింది చేరేసరికి. మద్రాసు రేవు నుంచి మనవాళ్లను ఎక్కించడం 1903లో మొదలైంది. ఐదేళ్ల ఒప్పందం మీద వేలిముద్ర వేసి ఎక్కినవాళ్లలో, తాము వెళ్లే చోటు ఎంత దూరమో తెలిసినవాళ్లు ఎందరుంటారు? ఆ సంగతి తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

అయినా నిలబడ్డారు. ఫిజీలో తమిళులతో కలిసి 1926లో ‘సంగం’ అనే సంస్థ పెట్టుకుని బడులు నడిపారు. మారిషస్‌లో 1946లో ఆంధ్ర మహాసభ వెలిసింది, ఉగాదికి అక్కడ దేశమంతా సెలవు.

మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో మారిషస్‌లో జరిగాయి. ఒకసారి ఫిజీలోనూ జరగాలని నా కోరిక. మారిషస్ వాళ్లు పెర్త్ మీదుగా టిక్కెట్టు చూసుకుంటే మంచిది. గడియారం ఎనిమిది గంటలు ముందుకు తిప్పుకోవాలి సుమా.