పెంటదిబ్బయుఁ జెఱువును

మా సూళ్లూరుపేట చెంతఁ బాఱు కాళంగి పులికాటు సరస్సునఁ గలియుచున్నది. కావున మా పొలములఁ గడిగిన వాన యెచ్చటికిఁ బోవునో యెవరిని నడుగఁ బనిలేదు.

పసుల పేడలో నత్రజనియు భాస్వరమును గలవు. నత్రజనిలోఁ గొంత గాలిఁ గలిసిపోవును. భాస్వరమట్లు కాదు, మట్టిరేణువులను బట్టుకొని యుండును. నత్రజనికై యేఁటేఁటఁ బేడ తోలినచో, పైరు తినఁగా మిగిలిన భాస్వరము నేలలోఁ బేరుకొనును. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు మా యీశాన్యపు వానలు మట్టితోఁగూడ దానినిఁ జెఱువునకు దింపును. దిబ్బ కట్టమీఁదనే యున్నచో నిఁకఁ జెప్పనేల? పాచి పెరిగి, చచ్చి, క్రుళ్లి నీటిలోని ప్రాణవాయువును హరించును. తెల్లవాఱుజామునఁ జేపలు నోళ్లు తెఱచి పైకి వచ్చుట మేము చూచితిమి. నీలినాచులలోఁ గొన్ని విషములు. ఆ నీటినే పసులు త్రాగవలెను.

సమీపమున నేలపట్టులో గూడబాతులు కడపచెట్లపై గూళ్లు కట్టును. రెట్ట కలిసిన యాచెఱువు నీరు పైరునకు బలమని రైతులు మెచ్చుకొందురు. అచ్చట భాస్వరము నీటినుండి పొలమునకుఁ బోవుచున్నది; ఇచ్చటఁ బొలమునుండి నీటికి!

కట్టమీఁది దిబ్బను మెరకకుఁ దరలింపుఁడని యొక పెద్దాయన నడిగితిమి. "తాతలనాఁటి చోటు. ఎరువు మీరు తోలెదరా నాయనా?" అనెను. ఆదివారము వచ్చెదమంటిమి.