కోలారు గనుల నేల మీద

కుప్పం నుంచి బెంగుళూరు వెళ్లే దారిలో బంగారుపేట జంక్షన్ వస్తుంది. అక్కడ చీలే చిన్న రైలుమార్గం మారికుప్పం దాకా వెళ్లి ఆగిపోతుంది. గనుల కోసమే వేసిన లైను అది. గనులు మూతపడ్డాక ఇక్కడి జనం పొద్దున్నే అదే రైలెక్కి, కూలికీ ఉద్యోగానికీ బెంగుళూరు పోయి రాత్రికి తిరిగొస్తున్నారు. నేను వాళ్లకు ఎదురు దిక్కున, దాదాపు ఖాళీగా ఉన్న బండిలో కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ చూడబోయాను.

ఊరు చూపించింది గనిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. ఇంట్లో తమిళం, నాతో బంగారుపేట తెలుగు. ఈ నేల మీద కన్నడం, తమిళం, తెలుగు ఒకే వాకిట్లో వినిపిస్తాయి.

1802లో సర్వే పని మీద వచ్చిన జాన్ వారెన్ అనే సైనికాధికారి, ఈ చుట్టుపక్కల పల్లెల వాళ్లు మట్టి కడిగి బంగారం తీయడం చూసి రాసిపెట్టాడు. అది చదివిన మైకేల్ లావెల్ అనే మాజీ సైనికుడు 1875లో మైసూరు సంస్థానం నుంచి తవ్వకాలకు అనుమతి తెచ్చుకున్నాడు. ఆ తర్వాత హక్కులు చేతులు మారాయి, కంపెనీలు పుట్టాయి, ఆశపడి షేర్లు కొన్నవాళ్లు నష్టపోయారు. 1880లో అడుగుపెట్టిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ మాత్రం నిలదొక్కుకుంది. అప్పటినుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేదాకా ఈ నేల 800 టన్నులకు పైగా బంగారం ఇచ్చింది.

ఛాంపియన్ రీఫ్ గని దగ్గర రోడ్డు మీది నుంచే షాఫ్టు ఇనుప గోపురం కనిపిస్తుంది. దాని కింద మూడు కిలోమీటర్లకు పైగా లోతు. కేజ్‌లో దిగడం, అడుగున పలుగురాయి తొలవడం, ఒళ్లు కాల్చే వేడి, ఉన్నట్టుండి రాతిపొర పేలి మీద పడటం: అన్నీ పెద్దాయన మామూలు పనిగానే చెప్పుకొచ్చారు. తోటివాళ్ల ఊపిరితిత్తుల్లో చేరిన రాతిపొడి గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు తగ్గింది.

ఇదే లోతు సైన్సుకూ పనికొచ్చింది. పైనుంచి వచ్చే కాస్మిక్ కిరణాలను చాలావరకు ఆ రాయి అడ్డుకుంటుంది కాబట్టి, 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు విదేశీ బృందాలతో కలిసి ఇక్కడ వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారు. కరెంటు కూడా బెంగుళూరు కన్నా ముందు ఇక్కడికే వచ్చింది. 1902లో శివనసముద్రం విద్యుత్ కేంద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్ల తీగ లాగి ఈ గనులకు విద్యుత్తు తెచ్చారు. బెంగుళూరు వీధుల్లో దీపాలు వెలిగింది 1905లో.

దొరల బంగళాలు, క్లబ్బు, చర్చిలు చూశాక కార్మికుల లైన్లకు వెళ్లాం. వరుసగా ఇరుకు గదులు, ఒకదానికొకటి ఆనుకుని ఉన్న గోడలు. ఆర్కాటు, సేలం, చిత్తూరు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు, అందులోనూ ఎక్కువగా దళితులు, తరాల తరబడి ఇక్కడ బతికారు. బంగారం తీసిన చేతుల మీద కంపెనీకి నమ్మకం లేదు. 1930లో వేలిముద్రలు తీసుకుంటామంటే ఆ కార్మికులు పని ఆపి ఎదిరించారు. వాళ్ల ఆత్మగౌరవానికి అది పెద్ద గుర్తు. క్లబ్బు గోడల కన్నా ముందు చెప్పుకోవలసిన చరిత్ర ఇది.

చివరగా సైనైడ్ దిబ్బలు. రాయిని పిండి చేసి సైనైడుతో బంగారం లాగాక మిగిలిన మట్టి, బూడిదరంగు కొండలై ఊరి మధ్యలో నిలిచింది. గాలి లేస్తే ఆ దుమ్ము ఇళ్ల మీద పడుతుంది. ఈ గనుల పేరు పెట్టుకున్న సినిమా చూసి వచ్చిన కుర్రాళ్లు అక్కడ ఫోటోలు దిగుతున్నారు. వాళ్లను తప్పుపట్టను. ఇంతకు మించి చూడవలసింది ఏమిటో చెప్పే పలక ఒక్కటీ ఆ చోట నాకు కనిపించలేదు.

దగ్గర్లోనే కమ్మసంద్ర కోటిలింగేశ్వర ఆలయానికి మన తెలుగు జిల్లాల నుంచి బస్సుల కొద్దీ జనం వెళ్తారు. వాళ్లలో కొందరైనా ఇటు మళ్లాలి. ప్రభుత్వాలు ఒక్క షాఫ్టునైనా, ఒక్క లైను ఇళ్లనైనా ఉన్నవి ఉన్నట్టు కాపాడాలి. అంతకన్నా తొందరైన పని ఇంకొకటుంది. గనిలో దిగినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. వాళ్ల మాటలను వాళ్ల భాషల్లోనే రికార్డు చేయాలి. వాళ్ల వేలిముద్రలు కంపెనీ అడిగింది. మనం వాళ్ల పేర్లు, వాళ్లు చేసిన పని రాసిపెట్టాలి. చిత్తూరు జిల్లా నుంచి గనికి వెళ్లిన తాతలున్న కుటుంబాలు ఆ పని తమ ఇంటి నుంచే మొదలుపెట్టవచ్చు.