గోడ పక్కన పరుగు

పోయిన చలికాలంలో సెలవు మీద ఇంటికి వచ్చిన మా రెండవ అమ్మాయి ఇషా నమాజు తరువాత నా పక్కన చేరి, "అబ్బా, ఒక మాట అడుగుతాను, కోప్పడకూడదు" అన్నది. తాను ఉద్యోగం చేస్తున్న హైదరాబాదులో ఏటా ఒక పెద్ద పరుగు జరుగుతుందట. పూర్తి మారథాన్ కాకపోయినా అందులోని 10 కిలోమీటర్ల పరుగులో తోటి ఉద్యోగినులతో కలిసి పాల్గొనాలని ఆమె కోరిక. నేను చేతిలోని కితాబు మూయకుండానే, "అది మన సంప్రదాయం కాదు బేటీ" అన్నాను. ఆమె మారు మాట్లాడలేదు. దాదాపు ముప్ఫై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి. ఎదుటివారి మౌనం అంగీకారమో, అసంతృప్తో నాకు తెలియకపోదు.

మరునాడు ఫజ్ర్ తరువాత చాయ్ ఇస్తూ తన ఫోను నా చేతిలో పెట్టింది. అందులో ఒక చిత్రం. తలపై హిజాబు, పొడుగు చేతుల దుస్తులు, ఛాతీ మీద అంకె వేసిన కాగితం. కొందరు ఆడపిల్లలు పరుగెత్తుతున్నారు. వారి పక్కనే ఆకాశాన్ని సగం మూసేసిన కాంక్రీటు గోడ. "ఇది ఏ ఊరో చెప్పండి అబ్బా" అన్నది. చెప్పలేకపోయాను. "బైత్ లహమ్" అన్నది.

బైత్ లహమ్, అంటే మన తెలుగువారు బేత్లెహేము అనే ఊరు, హజ్రత్ ఈసా (అలై) జన్మస్థలం. మేరాజ్ పాఠం చెప్పేటప్పుడు ఏటా ఆ పేరు నా నోట వస్తుంది. దైవప్రవక్త (స) ఆ రాత్రి ప్రయాణంలో అక్కడ దిగి నమాజు చేశారని నసాయీ గ్రంథంలో ఒక ఉల్లేఖనం ఉంది. దాని విషయమై హదీసు పండితులలో కొందరు సందేహాలు వెలిబుచ్చారు గనుక జాగ్రత్తగానే ప్రస్తావిస్తాను. అయితే ఆ ఊళ్ళో ఈనాడు మనుషులు ఎలా నడుస్తున్నారో, ఎంత దూరం నడవగలుగుతున్నారో నేనెన్నడూ ఆలోచించలేదు. ఇన్నేళ్ళు ఆ పేరును పాఠంగా చెప్పానే తప్ప ఊరుగా చూడలేదు. ఆ తరువాత కొన్ని వారాల పాటు ఆ పరుగు చరిత్రను తెలుసుకుంటూ వచ్చాను. తెలిసినంతవరకు ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా మారథాన్ సంగతి. పేరు గ్రీకు దేశంలోని ఒక మైదానానిది. 1896లో ఏథెన్సు ఒలింపిక్ క్రీడలతో ఈ పోటీ మొదలయింది. 42 కిలోమీటర్ల 195 మీటర్లు అనే వింత కొలత మాత్రం 1908 లండను క్రీడల నాటిది. రాజకోట దగ్గర బయలుదేరి, క్రీడామైదానంలో రాజకుటుంబం కూర్చునే చోటి ఎదుట ముగిసేలా దారి వేస్తే అంత వచ్చింది. ప్రపంచమంతటా నగరాలు ఇప్పుడు ఆ కొలతకే దారులు వేసుకుంటున్నాయి. మన లెక్కలో చెప్పాలంటే గుంటూరు నుంచి చిలకలూరిపేట ఇంచుమించు అంత దూరం. చిలకలూరిపేటలో మా పెద్ద ఆపా ఉంటారు. నెలకు రెండు సార్లయినా బస్సెక్కి వెళ్ళివస్తాను గనుక ఆ దూరం ఎంతో నా మోకాళ్ళకు కూడా తెలుసు.

బైత్ లహమ్‌లో ఆ దూరం దొరకదు. ఈ ఒక్క మాటలోనే ఆ పరుగు చరిత్ర సగం ఉన్నది.

1990ల నాటి ఓస్లో ఒప్పందాలు పశ్చిమ తీరాన్ని ఎ, బి, సి అని మూడు ముక్కలు చేశాయి. పాలస్తీనీయుల పాలన, భద్రత రెండూ వారి చేతిలోనే ఉండే భాగం ఎ. అది ఒకే చోట లేదు, చింపిన గుడ్డపేలికల్లా అక్కడక్కడా ఉంది. దానికి తోడు 2002 నుంచి ఇజ్రాయీలు కడుతూ వచ్చిన గోడ. బైత్ లహమ్ ఉత్తరపు అంచున దాని ఎత్తు సుమారు 8 మీటర్లు. పాలస్తీనా భూమిపై ఆ గోడ కట్టడం అంతర్జాతీయ న్యాయానికి విరుద్ధమని హేగ్ నగరంలోని అంతర్జాతీయ న్యాయస్థానం 2004 జూలైలో అభిప్రాయం చెప్పింది. గోడ మాత్రం అలాగే ఉంది. ఈ స్థితిలో ఏ తనిఖీ కేంద్రమూ, ఏ గోడా అడ్డురాకుండా 42 కిలోమీటర్లు ఒకే తిన్నగా సాగే దారి ఆ ఊరివారికి లేదు. అందుచేత పరుగు పెట్టేవారు దొరికినంత దారిని తీసుకుని, పూర్తి మారథాన్ పరుగెత్తేవారిని అదే దారిలో రెండు చుట్లు తిప్పుతారు.

ఈ ఆలోచన వచ్చినది డెన్మార్కుకు చెందిన ఇద్దరు యువతులకు. వారు పెట్టుకున్న పేరు 'కదలిక హక్కు'. తన దేశంలో స్వేచ్ఛగా సంచరించే హక్కు ప్రతి మనిషికీ ఉన్నదని చెప్పే మానవ హక్కుల ప్రకటనలోని 13వ అధికరణం దానికి ఆధారం. పాలస్తీనా ఒలింపిక్ కమిటీ వారితో చేయి కలిపింది. మొదటి పరుగు 2013 ఏప్రిల్ 21న జరిగింది. తరువాతి ఏళ్ళలో అది మార్చి, ఏప్రిల్ నెలల్లో వచ్చే ఒక శుక్రవారపు ఉదయానికి స్థిరపడింది. మొదట వందలలో ఉన్నవారు వేలకు పెరిగారు, ఎన్నో దేశాలవారు వచ్చారు.

పరుగు మొదలయ్యే ప్రాంగణాన్ని అరబీలో సాహతుల్ మహ్ద్ అంటారు. మహ్ద్ అంటే ఊయల. ఈసా (అలై) ఊయలలోనే మాట్లాడిన వృత్తాంతం దివ్యఖుర్ఆన్ చదివేవారికి తెలిసినదే. ఆ ప్రాంగణంలో ఒక వైపు క్రైస్తవుల జనన మందిరం, దానికి ఎదురుగా మస్జిదె ఉమర్. హజ్రత్ ఉమర్ (రజి) ఆ ఊరికి వచ్చి, మందిరానికి అభయమిచ్చి, అక్కడ నమాజు చేశారని చరిత్రకారులు వ్రాశారు. దాని జ్ఞాపకార్థం 1860లో కట్టిన మస్జిదు అది. స్థలం ఇచ్చినవారు గ్రీకు చర్చివారే. మన పిల్లలకు ఈ ముక్క చెప్పకుండా ఉండకూడదు.

అక్కడి నుంచి దారి గోడ వెంబడి సాగుతుంది. 1950లో ఏర్పడిన ఆయిదా శరణార్థి శిబిరం వస్తుంది. దాని ముఖద్వారం మీద పెద్ద తాళంచెవి ఒకటి పెట్టారు. 1948లో వదలి రావలసి వచ్చిన ఇళ్ళ తాళంచెవులకు అది గుర్తు. తరువాత దుహైషా శిబిరం. ఇంకా ముందుకు పోతే అల్ ఖదర్ గ్రామం. ఖిజ్ర్ (అలై) పేరు పెట్టుకున్న ఊరు. మూసా (అలై) జ్ఞానం కోసం ఎంత దూరమైనా నడుస్తానని బయలుదేరి కలుసుకున్నది ఆ మహనీయుణ్ణే గదా! సూరె కహఫ్ పాఠం చెప్పినప్పుడల్లా విద్యార్థులతో ఆ ప్రయాణం గురించి మాట్లాడతాను. ఆయన పేరున్న ఊరి దాకా పరుగెత్తుకుంటూ వచ్చినవారు, ఇక ముందుకు దారి లేక వెనక్కి తిరుగుతారు.

సఫా, మర్వాల మధ్య హాజిరా అమ్మగారు ఏడు సార్లు తిరిగిన సంగతి నాకు ఇక్కడ గుర్తుకు వచ్చింది. ఆమెది కూడా ఒకే దారి. కానీ ఆమెను ఎవరూ ఆపలేదు, నీటి కోసం ఎటు చూడాలనిపిస్తే అటు చూడగలిగింది.

గాజాలో మరో చరిత్ర నడిచింది. అది చెప్పడం నాకు అంత సులువు కాదు. గాజా పొడవు ఇంచుమించు ఒక మారథాన్ అంతే. పాలస్తీనా శరణార్థుల కోసం పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థ 2011లో, 2012లో అక్కడ ఆ కొస నుంచి ఈ కొసకు మారథాన్ నిర్వహించింది. వచ్చే సొమ్ము పిల్లల వేసవి క్రీడలకు. 2013 ఏప్రిల్‌లో మూడవది జరగవలసి ఉండగా, స్త్రీలు పాల్గొనరాదని గాజా పాలకులు నిర్ణయించారు. అలాగైతే పరుగే వద్దని ఆ సంస్థ మార్చిలో దానిని రద్దు చేసింది. పాలకులు చెప్పిన కారణం అక్కడి ఆచారాలు, సంప్రదాయాలు. ఆ ముక్క దగ్గర నా చూపు ఆగిపోయింది. మా అమ్మాయితో నేను అన్న మాట కూడా అదే.

నేను ఆ పాలకుల కష్టాలను తేలిక చేసి మాట్లాడేవాణ్ణి కాను. ముట్టడిలో ఉన్నవారి మీద దూరాన కూర్చుని తీర్పులు చెప్పడం సులభం. పర్దా, హయా విషయంలో నా అభిప్రాయాలు మారలేదు. దుస్తులు ఎలా ఉండాలి, ఎవరి మధ్య పరుగెత్తాలి, చూసేవారు ఎవరు అన్న షరతులను నేను ఈనాటికీ నిలిపే చెబుతాను. కానీ షరతు పెట్టడం వేరు, తలుపు మూయడం వేరు. ఆడవారికి వేరుగా సమయమో, వేరుగా దారియో ఏర్పాటు చేయడానికి షరీఅతు అడ్డురాదు. ఆ రద్దుతో నష్టపోయినవారిలో మగవారూ ఉన్నారు, వేసవి క్రీడల కోసం ఎదురుచూసిన పసిపిల్లలూ ఉన్నారు. ఆచారం పేరు చెప్పేముందు అది దీన్ నుంచి వచ్చిందో, మన అలవాటు నుంచి వచ్చిందో విడదీసి చూడడం మా వంటివారి పని. ఆ పని నేను నా ఇంట్లోనే చేయలేదు.

ఎందుకంటే అబూ దావూద్ గ్రంథంలోని జిహాద్ అధ్యాయాన్ని ఎన్ని తరగతులకు చెప్పానో నాకు లెక్కలేదు. ఒక ప్రయాణంలో విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) దైవప్రవక్త (స)తో కాలినడకన పరుగు పందెం వేసి గెలిచారు. తరువాత కొన్నాళ్ళకు ఆమె కాస్త ఒళ్ళు చేసినప్పుడు ఆయన గెలిచి, ఆనాటి దానికి ఇది బదులు అని పరిహాసమాడారు. భార్యాభర్తల అనురాగానికి ఉదాహరణగా ఈ హదీసును వివరించి ముందుకు సాగిపోయేవాణ్ణి. సలమా బిన్ అక్వా (రజి) వేగాన్ని గురించి చెప్పినప్పుడు మాత్రం పరుగు గొప్పతనం చెప్పేవాణ్ణి. మదీనా దాకా పందెం వేస్తానని అన్సారీ ఒకరు సవాలు చేస్తే, దైవప్రవక్త (స) అనుమతి తీసుకుని సలమా ఆయన్ను దాటిపోయిన కథనం సహీహ్ ముస్లింలో ఉంది. రెండూ పరుగు పందేలే. ఒకదానిని వ్యాయామం అన్నాను, రెండవదానిని సరసం అన్నాను. ఈ తేడా హదీసులో లేదు, నా పాఠంలో ఉంది.

గాజా పరుగువీరుల గురించి కూడా కొంత వ్రాయాలి. బైత్ హానూన్‌కు చెందిన నాదిర్ అల్ మస్రీ 2008 బీజింగు ఒలింపిక్స్‌లో పాలస్తీనా తరఫున పరుగెత్తాడు. 2014లో బైత్ లహమ్ మారథాన్‌కు వెళ్ళడానికి అతనికి ఇజ్రాయీలు అనుమతి ఇవ్వలేదు. వారి ఉన్నత న్యాయస్థానం కూడా ఆ నిరాకరణలో జోక్యం చేసుకోలేదు. గాజాకు, బైత్ లహమ్‌కు మధ్య 100 కిలోమీటర్లు కూడా లేవు. బీజింగు వెళ్ళగలిగినవాడు బైత్ లహమ్ వెళ్ళలేకపోయాడు. 2015లో అనుమతి దొరికింది, వెళ్ళాడు, ప్రథముడుగా వచ్చాడు.

అతనికి శిక్షణ ఇచ్చినవారు మాజిద్ అబూ మరాహీల్. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో పాలస్తీనా తొలిసారి పాల్గొన్నప్పుడు జెండా పట్టుకుని ముందు నడిచినది ఆయనే. 10,000 మీటర్లు పరుగెత్తాడు. 2024 జూన్‌లో నుసైరాత్ శిబిరంలో మూత్రపిండాల వ్యాధితో, యుద్ధం మధ్య తగిన చికిత్స అందక మరణించాడు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్. చికిత్స కోసం ఈజిప్టుకు తీసుకువెళ్ళాలని ఇంటివారు చేసిన ప్రయత్నం ఫలించలేదు. జీవితమంతా పరుగెత్తిన మనిషికి చివర కావలసింది సరిహద్దు దాటే కొద్దిపాటి దారి.

బైత్ లహమ్ పరుగు కరోనా కారణంగా 2020, 2021లలో ఆగింది. 2022లో తిరిగి మొదలయి, 2023 మార్చిలోనూ జరిగింది. ఆ ఏడాది అక్టోబరులో మొదలయిన యుద్ధంతో ఊరి ముఖమే మారిపోయింది. క్రిస్మసు వేడుకలను కూడా మానుకున్నారు. 2024 వసంతంలో ఆ ఊయల ప్రాంగణంలో పరుగు లేదు.

ఇవన్నీ చదివిన తరువాత రజబు నెలలో ఒక రాత్రి అమ్మాయికి ఫోను చేశాను. షరతులు చెప్పాను. దుస్తులు, తోటివారు, నమాజు వేళ. అన్నిటికీ "సరే అబ్బా" అన్నది. చివర, "అబూ దావూద్ హదీసు మీకు గుర్తు చేద్దామని ఆ రోజే అనుకున్నాను, మీరు బాధపడతారని ఊరుకున్నాను" అన్నది. ఆమె ఆ గ్రంథం నా దగ్గరే చదివింది.

ఆగస్టులో ఆమె పరుగెత్తిన రోజు నేనూ, మా ఇంటావిడా వెళ్ళాము. ఫజ్ర్ నమాజు చేసుకుని, ఆమె సంచీ ఒళ్ళో పెట్టుకుని రోడ్డు పక్కన ఒక అరుగు మీద కూర్చున్నాను. నా గడ్డాన్ని, టోపీని చూసి ఒకరిద్దరు కుర్రవాళ్ళు "మీరూ రండి చాచా" అని చేయి ఊపి పోయారు. అమ్మాయి రావడానికి గంటకు పైగా పట్టింది. వచ్చి నీళ్ళు తాగి, రోడ్డు మీదనే కూర్చుండిపోయింది. వాళ్ళమ్మ ఆమె పాదాలు చూసి నన్ను కోప్పడింది, అనుమతి ఇచ్చినది నేనే గనుక.

ఆ మరుసటి గురువారం చిలకలూరిపేట వెళ్ళాను. బస్సు కిటికీ పక్కన కూర్చుని కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టుకుంటూ పోయాను. కండక్టరు టికెట్టు కొట్టి వెళ్ళిపోయాడు, దారిలో మరెవరూ ఏమీ అడగలేదు. ఇంటికి చేరేసరికి ఆపా గుమ్మంలోనే ఉన్నారు.

"అమ్మాయి పరుగెత్తిందట గదా, గెలిచిందా?" అని అడిగారు.

"చివరిదాకా పోయింది ఆపా" అన్నాను.