హరిణవనస్థలి

గడచిన మార్గశిరమున మేము రామంతాపురమునుండి నాగోలు మీదుగా విజయవాడ బాటను పట్టి హరిణవనస్థలికి పోయితిమి. ఇది పూర్వము నిజాము ప్రభువుల వేటభూమి. మహావీరుని నిర్వాణమునకు 2500 ఏండ్లు నిండిన సందర్భమున, 1975లో, ఆయన పేర జింకలకు నెలవు గావించిరి, 1994లో జాతీయోద్యానమైనది. తుపాకులు మ్రోగిన చోట అహింసామూర్తి పేరు!

కృష్ణజింక తిరుగాడు నేల యజ్ఞయోగ్యమని మనువు చెప్పెనని బాల్యమున నాయనగారివలన వింటిమి. కాని వటువు జందెమునకు గట్టు అజినపు ముక్కను దప్ప ఆ మృగమును చూచి యెరుగము. అత్తగారును అంతే. వారికి చూపు మందగించుచున్నందున ఈ ప్రయాణము తొందరపడి పెట్టుకొంటిమి.

సోదరీమణులారా, శకుంతల పెరిగిన తపోవనము నూహించుకొని పోకుడు. ఇక్కడ ముండ్లపొదలు, తుమ్మలు, గడ్డిబయళ్లు. కృష్ణజింకకు దట్టపుటడవి సరిపడదు. పరుగిడుటకు బయలు కావలెను.

గంటసేపు నిరీక్షించితిమి. బాటమీది లారీల రొద వినవచ్చుచునే యుండెను. తుదకు కపిలవర్ణపు పెంటిజింకల వెనుక మెలికల కొమ్ముల పోతు వెలువడెను. వీపు నలుపు, కడుపు తెలుపు. "ఏదీ? ఏదీ?" యని అత్తగారు మా భుజము పట్టుకొనిరి. అది నింగి కెగిరినట్లు దుమికినపుడు మాత్రము, "ఆఁ, చూచితినే అమ్మాయీ!" యనిరి.